ధనఋణముల ఉభయనియమము: గణప్రస్తారమున దాని పరీక్ష

చింతామణి తాలూకాలోని బట్లహళ్ళి ప్రాంతమున అనేకుల ఇంటిమాట తెలుగు, కచేరిమాట కన్నడము. కైవార నారాయణ యతీంద్రులు ఈ రెండు భాషలయందును తత్త్వములు చెప్పిన తాలూకా యిదియే. ఇట్టిచోట తెలుగు చదువుకొను బాలునకు తెలుగనగా పద్యము. గణితమనగా కన్నడమో, ఇంగ్లీషో. ఒక గంటలో గురులఘువులను గుర్తించి గణవిభజన చేసిన బాలుడే మఱుసటి గంటలో ధనసంఖ్యలను, ఋణసంఖ్యలను కూడుచు తీసివేయుచు నుండును. ఈ రెండు పనులకును చుట్టఱికము కలదని వానికి తెలుపువారు అరుదు. అట్లు తెలుపువారు లేనిచో భాష క్రమముగా పండుగనాటి అలంకారమై, ఆలోచనకు పనికిరానిదను అపవాదును మోయవలసి వచ్చును.

గణితమును గూర్చి తెలుగున వ్రాయువారు తఱచుగా రెండు దోషములకు లోనగుదురు. మొదటిది, క్రొత్త సిద్ధాంతము దేనినైనను పూర్వులు ఎఱిగియే యుండిరని చెప్పి తృప్తిపడుట. రెండవది, ఇంగ్లీషు పేరునకు మాటకు మాటగా సంస్కృతపదములను అతికి, విషయమును తెలిగించితిమని భ్రమపడుట. మొదటి దోషము పరిశ్రమను మాన్పించును. రెండవది అర్థమును కప్పివేయును. హరాత్మక విశ్లేషణమను గణితశాఖయందు ఇటీవల వెలసిన ఒక సిద్ధాంతమును తీసికొని ఈ రెంటిని పరీక్షింపవచ్చును. దాని పేరును పై పద్ధతిని తెలిగించినచో "విచ్ఛిన్న పరివర్తనముల సంజ్ఞా అనిశ్చితత్వ సూత్రము" అగును. ఈ పేరు విన్న తెలుగు చదువరికి ఏమియు బోధపడదు. కావున ముందు పేరును ప్రక్కనుంచి వస్తువును చూడవలెను.

మూడక్షరముల గణములు ఎనిమిది. మూడును లఘువులైనచో నగణము. ఒక్క గురువు ఆదిని ఉన్న భగణము, నడుమ ఉన్న జగణము, తుదిని ఉన్న సగణము. ఒక్క లఘువు ఆదిని ఉన్న యగణము, నడుమ ఉన్న రగణము, తుదిని ఉన్న తగణము. మూడును గురువులైనచో మగణము. ఒక్కొక్క స్థానమున రెండు విధములే కలుగుటచే రెండును మూడుమార్లు హెచ్చింపగా ఎనిమిది వచ్చినది. పింగళుని ఛందస్సూత్రములు ఈ ప్రస్తారమునకు మూలము. 9వ శతాబ్దిలో రాష్ట్రకూటుడైన అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించి, ప్రస్తార నష్టోద్దిష్టములను లెక్కలలో భాగముగా చేర్చెను. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. కన్నడరాజుల నీడను పుట్టిన గ్రంథము తెలుగు గణితమునకు ఆదిగ్రంథమగుట ఈ సీమవారు గుర్తుంచుకొనదగిన విషయము.

అంగడియందు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకములుండును. చిట్టాలో దినక్రమమున వ్రాసిన పద్దులనే వేఱొక క్రమమున ఆవర్జాకు ఎత్తుదురు. సొమ్ము అదియే, చూపు వేఱు. గణములకును అట్లే రెండు పుస్తకములను కల్పింపవచ్చును. చిట్టాయందు ఒక్కొక్క గణమునకు ఎదురుగా ఒక సంఖ్య వ్రాయవలెను. అది ధనము కావచ్చును, ఋణము కావచ్చును, సున్నయు కావచ్చును. దానినుండి ఆవర్జా వ్రాయు విధమిది. గణమందలి మూడు స్థానములలో కొన్నింటిని ఎన్నుకొనవలెను. ఏదియు ఎన్నుకొనకుండుట మొదలు మూడింటిని ఎన్నుకొనుట వఱకు ఇట్టి ఎన్నికలు ఎనిమిది. ఒక ఎన్నికకు చెందిన పద్దు తెలియవలెనన్నచో, ప్రతి గణమునందును ఎన్నుకొన్న స్థానములలో పడిన గురువులను లెక్కింపవలెను. ఆ లెక్క సరిసంఖ్య యైనచో ఆ గణము యొక్క చిట్టా సంఖ్యను కూడవలెను. బేసి యైనచో తీసివేయవలెను. సున్నను సరిసంఖ్యగానే పరిగణింపవలెను. ఎన్నుకొన్న స్థానమున గురువును, తక్కినచోట లఘువును ఉంచినచో ప్రతి ఎన్నికయు ఒక గణమే యగును గాన, ఆవర్జా పద్దులకును ఆ ఎనిమిది పేర్లే చాలును.

ఆవర్జాపై ఇదే పనిని మఱల చేసినచో చిట్టాలోని ప్రతి సంఖ్యయు ఎనిమిది రెట్లై తిరిగివచ్చును. అనగా ఎత్తివ్రాతలో ఏదియు పోలేదు. అంగడి ఆవర్జాకు ఈ గుణము లేదు; ఉపమానము ఇంతవఱకే. హాడమార్డ్, వాల్ష్ అను గణితజ్ఞుల పేర వ్యవహరింపబడు పరివర్తనము ఇదియే. కాలమువలె ఎడతెగక సాగు వస్తువుపై గాక, విడివిడిగా లెక్కింపదగిన వస్తువులపై జరుగుటచే దీనిని విచ్ఛిన్న పరివర్తనమందురు.

ఈ రెండు పుస్తకములకును నడుమ ఒక కట్టుబాటు కలదు. చిట్టాలో నగణమునకు మాత్రము 1 వ్రాసి తక్కినవి సున్నగా విడిచినచో ఆవర్జాలో ఎనిమిది పద్దులును 1 అగును. చిట్టాలో అన్నింటికిని 1 వ్రాసినచో ఆవర్జాలో నగణపు పద్దు 8 అయి తక్కినవన్నియు సున్నలగును. నగణ సగణములకు మాత్రము 1 వ్రాసినచో ఆవర్జాలో నాలుగు పద్దులు 2 అయి నాలుగు సున్నలగును. సున్న గాని పద్దులను రెండు పుస్తకములలోను లెక్కించి హెచ్చించినచో మూడు తడవలును 8 వచ్చినది. ఏ చిట్టా వ్రాసినను, అన్నియు సున్నలు కానంతవఱకు, ఈ లబ్ధము 8కి తగ్గదు. ఒకచోట సంగ్రహించినది మఱియొకచోట విస్తరింపక తప్పదు. 1927లో హైసెన్‌బర్గ్ భౌతికశాస్త్రమున కణము యొక్క స్థానమును, వేగమును గూర్చి చెప్పిన దానికి ఇది గణితమున జ్ఞాతి. విచ్ఛిన్న పరివర్తనములకు ఇట్టి కట్టుబాటును 1989లో డోనహో, స్టార్క్ అనువారు ప్రకటించిరి. పద్దుల సంఖ్య ఒక అభాజ్యసంఖ్యయై, వానిని చక్రాకారమున అమర్చినపుడు, వర్తించు ఫూరియే పరివర్తనమునకు ఇంకను గట్టి హద్దును 2005లో టెరెన్స్ టావ్ చూపెను: అచట రెండు పుస్తకములందలి సున్న గాని పద్దుల మొత్తము ఆ అభాజ్యసంఖ్యకు ఒకటి కలిపినంతకు తగ్గదు.

పైని చెప్పినది పద్దు ఉన్నదా లేదా అను ప్రశ్న. పద్దు ధనమా, ఋణమా అను ప్రశ్న దానికంటె సూక్ష్మము. 2010లో బూర్గెన్, క్లోజెల్, కహాన్ అను మువ్వురు దీనిని ఎత్తిరి. వారు విచారించినది ఎడతెగని ఆకాశమును గూర్చి. ఒక ప్రమేయమును, దాని ఫూరియే పరివర్తనమును తీసికొనవలెను. రెండును మూలబిందువున ధనము కారాదు. రెండును కొంత దూరము దాటిన పిదప ఋణము కారాదు. అట్లైనచో ఋణము తీరు దూరములు రెండింటిలోను యథేచ్ఛగా చిన్నవి కాజాలవని వారు నిరూపించిరి. ఆకాశము పన్నెండు పరిమాణములది యైనపుడు ఆ రెండు దూరముల గుణోత్తర మధ్యమమునకు సరియైన హద్దు 2 యొక్క వర్గమూలమని 2019లో హెన్రీ కోన్, ఫెలిపె గొన్సాల్వెస్ తేల్చిరి. 2020లో గొన్సాల్వెస్, ఒలివేరా ఇ సిల్వా, రామోస్ అను మువ్వురు ఈ భావమును విచ్ఛిన్న పరివర్తనములు మొదలగు అనేక రంగములకు విస్తరింపజేసిరి.

ఈ పేర్లను వల్లించినంతమాత్రమున జ్ఞానము కలుగదు. ఎనిమిది గణములపై ఆ సిద్ధాంతమును చదువరి తానే నిరూపించుకొనవచ్చును. గురువుల సంఖ్య సమానమైన గణములకు చిట్టాలో సమానమైన సంఖ్యలు వ్రాయవలెనని నియమింతము. అపుడు నాలుగు మెట్లు ఏర్పడును. నగణము సున్న మెట్టు; భ జ సలు మొదటి మెట్టు; య ర తలు రెండవ మెట్టు; మగణము మూడవ మెట్టు. ఆవర్జాయు ఈ మెట్లనే అనుసరించును. ఇక షరతు: సున్న మెట్టు పద్దు రెండు పుస్తకములలోను ధనము కారాదు. ఆవర్జాలో సున్న మెట్టు పద్దనగా చిట్టాలోని ఎనిమిదింటి మొత్తమే యని గుర్తింపవలెను. ప్రశ్న: మొదటి మెట్టునుండియే రెండు పుస్తకములును ఋణవిముక్తములు కాగలవా?

కాజాలవు. కారణమిది. చిట్టాలో నగణమునకు కొంత అప్పు కలదనుకొనవలెను. ఆవర్జా మొదటి మెట్టు పద్దును పైని చెప్పిన విధమున కట్టినచో, నగణపు సంఖ్యను, ఏకగురుగణపు సంఖ్యను ఒక్కొక్కమారు కూడి, ద్విగురుగణపు సంఖ్యను, మగణపు సంఖ్యను ఒక్కొక్కమారు తీసివేయగా వచ్చునని తేలును. అది ఋణము కాకుండవలెనన్న ఏకగురుగణపు సంఖ్య, నగణపు అప్పును, తక్కిన రెండు సంఖ్యలను కలిపినంతయైనను ఉండవలెను. కాని ఏకగురుగణములు మూడు. అప్పు ఒక్కమారు, దానిని తీర్చు ధనము మూడుమార్లు. కావున ఎనిమిదింటి మొత్తము అప్పునకు రెండు రెట్లకు తగ్గని ధనమై నిలుచును. మొత్తము ధనము కారాదను షరతు ఇచట భంగమైనది. అప్పే లేదన్నచో తక్కిన పద్దులన్నియు సున్నలు కావలసి వచ్చును. ఉపపత్తి ముగిసినది. చిట్టాలో మొదటి మెట్టు ఋణము కారాదను నిబంధనను ఇందెచ్చటను వాడలేదు. కనుక ఆవర్జా మొదటి మెట్టుననే ఋణము తీర్చుకొన్నచో, చిట్టా రెండవ మెట్టునందును తీర్చుకొనజాలదని కూడ తేలినది.

మఱి ఎంతవఱకు సాధ్యము? గురువులు హెచ్చుగా గల మ య ర తలకు ధనము 1, లఘువులు హెచ్చుగా గల న భ జ సలకు ఋణము 1 వ్రాయవలెను. ఆవర్జాలో సున్న మెట్టున సున్న, మొదటి మెట్టున ఋణము 4, రెండవ మెట్టున సున్న, మూడవ మెట్టున ధనము 4 వచ్చును. రెండు పుస్తకములును రెండవ మెట్టునుండి ఋణవిముక్తములు. ఒకటి త్వరపడినచో ఏమగునో చూడవలెనన్నచో, న మలకు సున్న, తక్కిన ఆఱింటికి ఋణము 1 వ్రాయవలెను. ఆవర్జా సున్న మెట్టున ఋణము 6 చూపి, మొదటి మెట్టునుండియే ఋణవిముక్తమగును. చిట్టాకు మాత్రము మూడవ మెట్టు వఱకు ఆగక తప్పదు. ఒకరి తొందర మఱియొకరికి ఆలస్యము. సిద్ధాంత సారము ఇంతయే.

ఇపుడు పేరును విమర్శింపవచ్చును. పైని చూపిన దానిలో అనిశ్చితమైనది ఏదియు లేదు. సంఖ్యలన్నియు తెలియును, ఉపపత్తి నిశ్చయము, హద్దు నిశ్చయము. కొలత యొక్క ప్రసక్తి గల భౌతికశాస్త్రమున "అనిశ్చితత్వము" అనుట చెల్లినది. గణితమున అది ఇంగ్లీషు పలుకుబడి వెంట వచ్చిన అతిథి మాత్రమే. ఇక "సంజ్ఞ" యను పదము. బాలవ్యాకరణమున మొదటి పరిచ్ఛేదమే సంజ్ఞాపరిచ్ఛేదము. అచట సంజ్ఞ యనగా శాస్త్రకారుడు పెట్టిన పేరు. కావున తెలుగు చదివినవానికి "సంజ్ఞా అనిశ్చితత్వము" పేరును గూర్చిన సందేహముగా తోచును. ధన, ఋణ శబ్దములో 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున వాటి కూడిక తీసివేతల నియమములు చెప్పిన నాటినుండియు సజీవములు. అప్పు అను లోకార్థమును అవి నేటికిని విడువలేదు. కన్నడమునను అవియే మాటలగుట ఈ సీమ బాలునకు అదనపు సౌకర్యము. రెండు పుస్తకములకును కలిపి వర్తించు కట్టుబాట్ల నన్నింటిని "ఉభయనియమములు" అని, అందు ఈ జాతిదానిని "ధనఋణముల ఉభయనియమము" అని వ్యవహరించుట యుక్తము.

ఇంగ్లీషు పేరును అనుసరింపనిచో పై చదువులలో విద్యార్థి తడబడునని ఆక్షేపము రావచ్చును. ఆక్షేపమున బలము కలదు. అందుచేత ఇంగ్లీషు పేరును గూడ ఒకమారు తెలుపవలసినదే. కాని అర్థము కాని పేరును రెండు భాషలలో వల్లించుటకంటె, అర్థమైన విషయమునకు రెండు పేర్లు నేర్చుట తేలిక.

ఇక ప్రశంసా దోషము. ఈ విషయమునకు అతిసమీపమున పనిచేసిన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆయన 1920 సెప్టెంబరు 10న నేటి కర్ణాటకములోని హూవిన హడగలియందు తెలుగు కుటుంబమున జన్మించెను. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివి, కలకత్తాలోను, కేంబ్రిడ్జిలోను విద్య నభ్యసించెను. 2023 ఆగస్టు 22న దివంగతుడయ్యెను. 2001నాటి పద్మవిభూషణమును, 2023నాటి అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమానమును పేర్కొని సభలు ముగియును. ఆయన చేసిన పని యేమి యన్న ప్రశ్నకు సమాధానము దొరకుట కష్టము.

ఆ పనిలో ఒక భాగమును గణములతోనే చెప్పవచ్చును. ఒక రైతు రాగిచేనిలో విత్తనము, ఎరువు, తడి అను మూడింటిని రెండేసి విధముల పరీక్షింపదలచెననుకొనవలెను. సంపూర్ణ ప్రస్తారమునకు ఎనిమిది మళ్ళు కావలెను. న య ర త అను నాలుగు గణముల ప్రకారము నాలుగు మళ్ళు మాత్రము వేసినను, ఏ రెండు స్థానములను చూచినను నాలుగు జంటలును ఒక్కొక్కమారు వచ్చును. ఇట్టి పట్టికలను గూర్చి 1947లో రావు ప్రకటించిన వ్యాసము సుప్రసిద్ధము. ఈ గుణము కావలెనన్నచో పట్టిక యొక్క వరుసలు, స్థానముల సంఖ్యకు ఒకటి కలిపినంతకు తగ్గరాదని ఆయన హద్దు తెలుపును. స్థానములు ఏడైనచో ప్రస్తారమున 128 వరుసలుండగా 8 చాలును, 7 చాలవు. ఈ పొదుపు ఊరక రాలేదు. నాలుగు మళ్ళలో ఎరువు ఫలితమును, విత్తనము తడియు కలసి చూపిన ఫలితమును విడదీయుట సాధ్యము కాదు.

ఆ నాలుగు గణములకు చిట్టాలో 1 వ్రాసి ఆవర్జా కట్టినచో, మొదటి రెండు మెట్లును సున్నలై, న మ పద్దులు మాత్రము 4 చొప్పున నిలుచును. నాలుగింటిని రెండింటితో హెచ్చింపగా మఱల 8. అనగా రావు పట్టిక ఉభయనియమమున కడపటి హద్దును తాకిన వస్తువు. ఇట్టి హద్దులనన్నింటిని ఒకే పద్ధతిని రాబట్టు మార్గమును 1973లో డెల్సార్ట్ చూపెను. ఆ మార్గమున పరీక్షకు వాడు సంఖ్యలు ఒక పుస్తకమున ఋణము కారాదు. రెండవ పుస్తకమున ఒక మెట్టు దాటిన పిదప ధనము కారాదు. ధనఋణముల కట్టుబాటునకు ప్రయోజనము ఇచట తెలియును. ఇట్టి పద్ధతినే గోళములను దట్టముగా పేర్చు సమస్యకు 2003లో కోన్, ఎల్కీస్ వర్తింపజేసిరి. 2016లో మరీనా వియాజోవ్‌స్కా ఎనిమిది పరిమాణములలో ఆ సమస్యను సాధించి, 2022లో ఫీల్డ్స్ పతకము నందెను. రావు 1945నాటి వ్యాసమున చూపిన అసమానతయు, క్రామేర్ పేరితో జంటగా ప్రసిద్ధమైనది, ఈ కుటుంబమునకు దూరము కాదు. దానికి మూలమైన సమాచార భావననుండి హైసెన్‌బర్గ్ అసమానతను రాబట్టవచ్చునని 1959లో స్టామ్ చూపెను.

ఇందువలన పింగళునకో మహావీరునకో ఈ సిద్ధాంతము తెలియునని చెప్పుట తగదు. వారు వరుసలను క్రమపఱచిరి, లెక్కించిరి, నష్టమును తిరిగి కనుగొనిరి. వరుసలకు ధనఋణములు వ్రాసి రెండవ పుస్తకము కట్టలేదు. ఆ పని 19, 20 శతాబ్దులది. పూర్వులకు లేనిది అంటగట్టుట వారికి గౌరవము కాదు; వారు నిజముగా చేసినదానిని చదువకపోవుటకు అది ముసుగు. వారు ఇచ్చిన ప్రస్తారము క్రొత్త సిద్ధాంతమునకు ఇల్లు కాదు; ఆ యింటి గడపను దాటుటకు చాలిన మెట్టు. ఆ మెట్టు తెలుగు ఛందస్సు చదివినవానికి అమరియున్నది.

బట్లహళ్ళివంటి ఊళ్ళలో తెలుగు తరగతి నిలుచుటకు, నిలువకపోవుటకు కారణములు పెక్కు. పిల్లల సంఖ్య, తల్లిదండ్రుల భయము, ఉద్యోగముల లెక్క అందు ముఖ్యములు. వానిని ఒక వ్యాసము మార్పజాలదు. కాని తెలుగు చదువుటవలన గణితము వెనుకబడునను భయము మాత్రము నిరాధారము. యమాతారాజభానసలగము వచ్చిన బాలునకు ఎనిమిది పద్దుల చిట్టా నిచ్చి ఆవర్జా కట్టుమన్నచో కట్టగలడు. రెండు పుస్తకములలోను అప్పు ఒక్కమారే తీరదని తానే కనుగొనగలడు. పలకయు బలపమును తప్ప అందులకు వేఱొకటి అక్కఱలేదు.